బల్లకు దొరికిన మూల

ఆ రోజు పొద్దున్న అనుకున్న పని నిజానికి చాలా చిన్నది. మేడమీది గదిలో ఉన్న పొడుగాటి బల్లను కిందికి దింపి, వీధి దాటించి, ఎదురుగా మలుపులో ఉన్న మాస్టారి చెల్లెలి టైలరింగ్ షాపులో ఓ మూల పెట్టాలి. కాఫీ చల్లారేలోపు అయిపోతుందన్నాడు వ్యాను డ్రైవరు. ఏ పనికైనా అతను చెప్పే గడువు అదే.

చిన్న టీచరుకు మాత్రం మనసులో మనసు లేదు. చిన్నప్పుడు ఆ బల్ల దగ్గరే మాస్టారి దగ్గర స్పానిష్ నేర్చుకుని, ఇప్పుడు అదే బల్ల దగ్గర పిల్లలకు ఓనమాలు చెబుతోంది కాబట్టి ఆమెకా పేరు. గది ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు. మాస్టారు వేరే చోటు కోసం తిరిగి తిరిగి, చివరికి చెల్లెల్ని అడిగారు.

"సాయంత్రాలు ఓ మూల కూర్చుని చెప్పుకో అన్నయ్యా, నాకేం? కానీ మధ్యాహ్నం లోపల బల్ల వచ్చి పడాలి. లేదంటే ఆ మూల ఇస్త్రీ అతనికి ఇచ్చేస్తా. అదివ్వమని నా ప్రాణం తోడేస్తున్నాడు" అందావిడ. ఆ మూల పోతే క్లాసూ పోయినట్టే.

సాయం పట్టడానికి పాత విద్యార్థులు ఇద్దరు వచ్చారు. ఒకరు డ్రైవరు, ఇంకొకరు పళ్ళ డాక్టరు. ఇద్దరూ ఒకప్పుడు ఆ బల్లకు అటూ ఇటూ కూర్చుని కాళ్ళతో తన్నుకున్నవాళ్ళే.

మాస్టారు చదువు చెప్పే తీరే వేరు. తప్పు మాట్లాడిన పిల్లల్ని ఆయన ఎన్నడూ నోటితో దిద్దలేదు. వాళ్ళు ఏ మాటంటే ఆ మాట ప్రకారం నడుచుకునేవారు, అంతే. స్పానిష్‌లో అక్కచెల్లెళ్ళలా ఒకే పోలికతో ఉండే మాటలు బోలెడు. నీళ్ళలో ఈదే చేప 'పెస్'. పట్టి వంటకు తెచ్చిన చేప 'పెస్కాదో'. చిన్న టీచరు చిన్నప్పుడు, కిటికీ పక్కన అద్దాల తొట్టిలో ఈదుతున్న చేపను చూపించి ముద్దుగా "పెస్కాదో!" అంది. మాస్టారు మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి పెనం, నిమ్మకాయ పట్టుకొచ్చారు. చొక్కా చేతులు పైకి మడిచారు. "పెస్! పెస్!" అంటూ ఆ పిల్ల తొట్టిని వాటేసుకుని ఏడ్చింది. మాస్టారు వెనక్కి తిరిగి, పెనాన్ని దాని చోట పెట్టేశారు. మళ్ళీ ఆ పిల్ల ఆ రెండు మాటలను కలలో కూడా కలపలేదు.

సంగతి కనుక్కోవడానికి అడిగితే 'ప్రెగుంతార్', వస్తువు ఇమ్మని అడిగితే 'పెదీర్'. ఓసారి డ్రైవరు టైమెంతో అడగబోయి 'పెదీర్' అన్నాడు. మాస్టారు చేతి గడియారం విప్పి ఇచ్చేశారు. దర్జాగా పెట్టుకుని ఇంటికి పోతే, వాళ్ళమ్మ చెవి మెలేసి వెనక్కి తీసుకొచ్చింది. డాక్టరేమో పాఠం శ్రద్ధగా విన్నానని చెప్పబోయి, ఊరికే చెవిన పడిందని చెప్పే 'ఓయీర్' వాడింది. మాస్టారు ఆ పాఠమంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. వీధి దీపాలు వెలిగాయి కూడా.

"నేను తప్పినా ఇదే వైద్యం. జాలిపడి వదిలేశారో, నేను మీ గురువుని కానట్టే" అనేవారాయన. కానీ ఆయన తప్పిందెప్పుడు?

పోయిన వారం తప్పారు. తొట్టిలో మేత చల్లుతూ, "మన పెస్కాదోకి ఇవాళ ఆకలెక్కువ" అన్నారు. చిన్న టీచరు విననట్టు పుస్తకాలు సర్దుతూ కూర్చుంది. పెనం తేలేదు. ఎవరితోనూ అనలేదు.

బల్ల మెట్లు దిగి నడివీధికి వచ్చేసరికి, పైన కిటికీలోంచి మాస్టారు కేకేశారు. "దాన్ని ఎస్కీనాలో పెట్టండి!"

ముగ్గురూ బల్ల మోస్తూనే ఆగిపోయారు. గది లోపలి మూల 'రింకోన్'. వీధి తిరిగే చోట ఉండే బయటి మూల 'ఎస్కీనా'.

"రింకోన్ అనాలి కదే?" డ్రైవరు గొణిగాడు.

"మాస్టారు పొరబడ్డారా ఏంటి?" డాక్టరు కళ్ళు పెద్దవి చేసింది.

చిన్న టీచరు బల్లను ముందుకు లాగింది. "పొరబాటేం కాదక్కా. ఎస్కీనా అన్నారుగా, ఎస్కీనాలోనే పెడదాం. పట్టన్నా!" అంది గబగబా.

మాస్టారి మతిమరుపు వీధిన పడకూడదని ఆమె బల్లను వీధిన పడేసింది.

షాపు పక్కన, రెండు వీధులు కలిసేచోట, ముందుకు పొడుచుకొచ్చిన రేకుల చూరు కింద బల్లను దించారు. దానికి కాపలాగా డాక్టరును ఉంచి, మిగిలిన ఇద్దరూ కుర్చీలన్నీ కిందికి దింపారు. చివరి కుర్చీ దిగిందో లేదో, పైనుంచి మళ్ళీ కేక. "కుర్చీలు త్రాఎర్!"

అటు తీసుకెళ్ళడానికి 'యెవార్'. 'త్రాఎర్' అంటే నా దగ్గరికి తీసుకురమ్మని. డ్రైవరు చిన్న టీచరు వంక చూశాడు. ఆమె ఓ కుర్చీ భుజానికెత్తుకుని మెట్లెక్కింది.

"అందరూ గురుదక్షిణ చేత్తో ఇస్తారమ్మా, నేను నడుముతో ఇస్తున్నా" అని మూలుగుతూ అతనూ ఎక్కాడు. ఖాళీ గదిలో మాస్టారి చుట్టూ కుర్చీలు మళ్ళీ కొలువు తీరాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

వాళ్ళు కిందికి దిగేసరికి మలుపులో జనం. అటుగా పోతున్న ఒకావిడ డాక్టరును గుర్తుపట్టి, "మీరిక్కడ కూర్చుంటున్నారా? నా పన్ను చూడండమ్మా" అని నోరు తెరిచింది. తెరిచిన నోరు కనబడితే చూడకుండా ఉండలేకపోవడం డాక్టరు బలహీనత. ఆవిడ వెనక ఇంకొకాయన నిలబడ్డాడు. ఆయన వెనకాయన ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఉచిత పళ్ళ శిబిరమట అన్న మాట వీధి చివరికి పాకింది. వరుస షాపు గుమ్మానికి అడ్డం పడింది.

మెడలో టేపు, చేతిలో కత్తెరతో మాస్టారి చెల్లెలు బయటికొచ్చింది. "ఏంటర్రా ఈ చోద్యం? నేనిచ్చింది గదిలో మూల, వీధి మూల కాదు! బల్ల పెట్టుకోమంటే నా గుమ్మం ముందు ఊరందరి నోళ్ళూ తెరిపిస్తారా?"

"ఇప్పుడే లోపల పెట్టేస్తాం అత్తయ్యా" అని చిన్న టీచరు బల్ల అంచు పట్టుకుంది. నిలువుగా తోశారు. అడ్డంగా తోశారు. తలకిందులు చేసి తోశారు. బల్ల గుమ్మంలో ఇరుక్కుని, ముందుకూ రాక వెనక్కీ పోక, చివరికి అందరూ కలిసి లాగితే బయటికొచ్చి పడింది. పొద్దున్నుంచీ ఎవరూ చేయని పని ఒకటుంది. గుమ్మం కొలవడం.

"జన్మంతా కొలతలతో బతికే నేనే కొలవలేదు, ఇంక మిమ్మల్నేం అనను!" అని ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఇస్త్రీ అతనికి కబురు పంపేస్తున్నా."

చిన్న టీచరు బల్లకు ఆనుకుని నేల మీద కూలబడింది. అప్పుడే మాస్టారు ఒక్కో మెట్టూ దిగి, వీధి దాటి వచ్చారు.

"దీన్నిక్కడ ఎవరు పెట్టమన్నారు?"

డ్రైవరూ డాక్టరూ చిన్న టీచరు వంక చూశారు. చివరికి ఆమే లేచింది. "మీరే మాస్టారూ. ఎస్కీనా అన్నారు."

ఆయన బల్లను చూశారు, వరుసను చూశారు, ఆమెను చూశారు. ఉన్నట్టుండి కళ్ళజోడు జారిపడేలా నవ్వారు.

"పోయిన వారం పెస్కాదో అన్నాక పెనం కోసం చూశానమ్మా. రాలేదు. తప్పు పలికినందుకు నాకేం బాధ లేదు. నా మీద జాలిపడే రోజులొచ్చాయా అని మనసు చివుక్కుమంది. ఇవాళ కిటికీలోంచి చూస్తే బల్ల వీధిలో కనబడగానే ప్రాణం లేచొచ్చింది."

"మరి కుర్చీలు?" డ్రైవరు నడుం పట్టుకుని అడిగాడు.

"ఎస్కీనా తప్పు. కుర్చీలు పరీక్ష."

"ఏది తప్పో, ఏది పరీక్షో మాకెలా తెలుస్తుంది మాస్టారూ?"

"ఒక్కోసారి నాకూ తెలియట్లేదురా. అందుకేగా మీరుంది."

ఇంతలో చెల్లెలి గొంతు వినబడింది, ఈసారి తేనె పూసినట్టుంది. వరుసలో ఊరికే నిలబడలేక ఒకావిడ జాకెట్టు వదులు చేయమంది, ఇంకొకాయన జిప్పు మార్చమన్నాడు. చెల్లెలి చేతుల నిండా బట్టలు.

"సర్లే అన్నయ్యా, ఆ లోపలి మూల ఇస్త్రీ అతనికే ఇచ్చేస్తా. బల్ల నా చూరు కిందే ఉండనీ, వాన కూడా పడదు" అంది. ఆ పైన గొంతు తగ్గించి, "ఆ పళ్ళమ్మాయిని మాత్రం అప్పుడప్పుడూ రమ్మను" అని గుసగుసలాడింది.

సాయంత్రం మళ్ళీ కిందికి దింపిన కుర్చీల్లో, బల్ల చుట్టూ క్లాసు పిల్లలు కూర్చుంటే, అటుగా పోయేవాళ్ళ పిల్లలు చేతులు విడిపించుకుని నిలబడి చూశారు. చిన్న టీచరు అన్నిటికన్నా చివర చేపల తొట్టిని పొదివి పట్టుకుని తెచ్చింది. అందులో ఉన్నది ఆనాటి చేపకు ఎన్నో తరమో మాస్టారికే తెలియదు.

"మెల్లిగా తల్లీ, మన పెస్కాదో బెదురుతుంది" అన్నారాయన.

తప్పో, పరీక్షో ఆమె అడగలేదు. తొట్టిని బల్ల మీద పెట్టి, షాపు వెనకనున్న వంటింట్లోకి వెళ్ళి, పెనం, నిమ్మకాయ పట్టుకుని తిరిగొచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచింది.

"పెస్! పెస్!" అంటూ మాస్టారు కుర్చీలోంచి లేచి తొట్టికి చేతులడ్డం పెట్టారు.

ఆమె వెనక్కి తిరిగి పెనాన్ని దాని చోట పెట్టడానికి వెళ్ళింది. బయటికి రావడానికి మాత్రం కాస్త ఎక్కువ సేపే పట్టింది.

చేప తొట్టిలో ఓ మూలకు చేరి దాక్కుంది. అది రింకోనేనని ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు.