లొరీన్ నాటిన తెల్ల సేజ్

గురువారం పొద్దున అంబ్రోస్ పెట్టుకున్న పని చిన్నది. మొక్కకు నీళ్లు పోసి, నాలుగు కొమ్మలు కత్తిరించి, మధ్యాహ్నం మరదలు ఎల్వా వచ్చేసరికి గుడ్డలో చుట్టి ఉంచాలి. శనివారానికి అతని భార్య లొరీన్ పోయి ఏడాది. ఆ రోజు ఊరి పెద్దింట్లో కవియా తెగ పెద్దలు పాటలు పాడతారు, తెల్ల సేజ్ ఆకు పొగ వేస్తారు. ఆ ఆకు అక్క చేత్తో నాటిన మొక్కదే కావాలని ఎల్వా నెల ముందే చెప్పి ఉంచింది.

మొక్క వాకిట్లో మెట్ల పక్కన ఉంది. జలుబు చేస్తే లొరీన్ దాని ఆకే కాచి ఇచ్చేది. గింజలు వేయించి, పిండి విసిరి జావలో కలిపేది. అతను వేటకు బయల్దేరే రోజు ఆకు నలిపి ఒంటికి రుద్దుతూ, "ఇంక నువ్వు మనిషివని జింకకు తెలియదులే. నాకే ఎప్పుడూ అనుమానం" అనేది.

ఆమె పోయాక అంబ్రోస్‌కి మాట్లాడడానికి ఆ మొక్కే మిగిలింది. రెండు పూటలా నీళ్లు పోసేవాడు. పోస్తూ ఊరి కబుర్లు చెప్పేవాడు. కబుర్లు అయిపోకపోతే మరో బిందె పోసేవాడు. కొండ మీద రాళ్ల మధ్య ఎవరూ పట్టించుకోకుండా పెరిగే జాతి అది. అంత ఆపేక్ష దానికి అలవాటు లేదు.

ఆ పొద్దున కొమ్మ పట్టుకోగానే మొక్క మొత్తం చేతిలోకి వచ్చింది. వేళ్లు కుళ్లి నల్లబడ్డాయి. అంబ్రోస్ దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. లొరీన్ పోయిన రోజు ఇంటినిండా జనం ఉన్నారు. ఇవాళ ఈ మాట చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. చెబితే వినేది ఎల్వా ఒక్కతే, అతను భయపడేది కూడా ఆమెకే.

చివరికి పార తీసుకుని ట్రక్కులో కొండకు బయల్దేరాడు. తన టోపీ కనపడక ఎండకు లొరీన్ గడ్డి టోపీ పెట్టుకున్నాడు. దానికి ఎర్ర రిబ్బన్ ఉంది. కొండ మీద అంతే ఎత్తున్న మొక్క దొరికింది. "తప్పే. మావాళ్లు అడిగి నాలుగాకులు కోసుకుంటారు గానీ వేళ్లతో పీకరు. అయినా పీకుతున్నాను" అని దానికి చెప్పి తవ్వాడు.

ఎదుటి కొండ మీద నెస్టర్ దుర్భిణితో చూస్తున్నాడు. కిందటి నెల బయటివాళ్లెవరో వచ్చి రెండు బండ్ల సేజ్ కోసుకుపోయారు. అప్పటినుంచి కాపలా పని అతనిది. అంబ్రోస్‌కి చిన్ననాటి స్నేహితుడే. దుర్భిణి మంచిది, కళ్లే అంతంతమాత్రం.

కొండ దిగేచోట నెస్టర్ జీపు అడ్డం పెట్టాడు. అంబ్రోస్ టోపీని సీటు కిందికి తోశాడు. మొక్క వెనక దుప్పటి కింద ఉంది.

"ఒరేయ్, ఎర్ర రిబ్బన్ టోపీ ఆడమనిషి కనిపించిందా? సేజ్ తవ్వుకుపోతోంది. పీపాలా ఉంది."

"పీపాలానా?"

"నడక కూడా బాతు నడకే. చూశావా లేదా?"

"చూశాను" అన్నాడు అంబ్రోస్, మనసు కష్టపెట్టుకుని. "వాగు వైపు పోయింది."

నెస్టర్ వైర్‌లెస్‌లో ఆ మాట ఊరంతటికీ చెప్పాడు. అంబ్రోస్ ఇంటికి వచ్చి మొక్క నాటేలోపు అది తల వేలాడేసింది. జూన్ ఎండలో పీకితే ఏ మొక్కయినా అంతే. దానికి నీళ్లు పోస్తుండగా ట్రక్కులోని వైర్‌లెస్‌లోంచి నెస్టర్ గొంతు వినిపించింది. "దొరికింది. వాగు దగ్గర. టోపీ ఉంది, రిబ్బన్ తీసేసింది. దొంగ తెలివి."

అంబ్రోస్ బిందె అక్కడే వదిలేశాడు. టోపీ తీసుకుని వాగుకు వెళ్లాడు.

పాతికమంది గుంపు మధ్య పట్నం నుంచి వచ్చిన ముసలావిడ మడతకుర్చీలో కూర్చుని ఉంది. రంగులతో కొండ బొమ్మ వేసుకుంటోంది. ఆమె సంచీ తిరగేస్తే రెండు రొట్టెముక్కలు, ఒక పీచ్ పండు దొరికాయి.

"మొక్క ఎక్కడ దాచావమ్మా?" అని నెస్టర్ నాలుగోసారి అడుగుతున్నాడు.

"బొమ్మలో ఉంది నాయనా. కావాలంటే తీసుకో" అంది ఆవిడ.

గుంపులో ఎల్వా కూడా ఉంది. అయినా అంబ్రోస్ ఆగలేదు. టోపీ తలకు పెట్టుకుని గుంపు మధ్యకు నడిచాడు. అంతా ఆ నడక చూశారు.

"నువ్వా? మరి పీపా అన్నప్పుడు చెప్పొద్దూ?" అన్నాడు నెస్టర్.

అంబ్రోస్ ముసలావిడకు క్షమాపణ చెప్పి, మరదలి వైపు తిరిగాడు. "మీ అక్క మొక్కను చంపేశాను ఎల్వా. నీళ్లు పోసి పోసి చంపాను. నీకు చెప్పలేక ఇదంతా చేశాను."

ఎల్వా అతని తలమీంచి టోపీ తీసింది. "అది అక్క నాటింది కాదు బావా. అక్క నాటింది రెండో ఏడే చచ్చిపోయింది. అక్క కూడా నీలాగే పోసేది. తను ఒకసారి ఆసుపత్రికి వెళ్లిన రోజు చూసి మా పెరట్లోది కుండీలో తెచ్చి నాటాను. అదీ పోయింది, దాని తర్వాత తెచ్చిందీ పోయింది. నువ్వు చంపింది నాలుగోది."

"లొరీన్‌కి తెలుసా?"

"మూడోసారి నేను మరిచిపోయి వదిలేసిన కుండీ కడిగి వెనక్కి పంపింది. దాన్నిండా నువ్వు కొట్టిన జింక మాంసం. ఇద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు."

అంబ్రోస్‌కి నవ్వు రాబోయి మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి లొరీన్ తనతో చెప్పని మాట ఇది. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు.

శనివారం ఎల్వా పెరటి ఆకే పొగ వేశారు. అది అక్క ఆకు కాదని అక్కడ ఎవరూ అనలేదు. పాటలయ్యాక ఎల్వా అతని పక్కన కూర్చుంది.

"రేపటినుంచి పొద్దున్నే మా ఇంటికి రా బావా. గుమ్మడిపాదు పెట్టాను. ఎంత పోసినా తాగుతుంది. మాట్లాడినా ఏమీ అనుకోదు."

ఆ ఏడు ఎల్వా ఇంట్లో గుమ్మడికాయ కూర లేని పూట లేదు.