ఏడు నిమిషాల సాంత్వన

సూర్యాపేట సాంత్వన కేంద్రంలో ఇకపై మనుషుల దుఃఖం మనుషులు వినాల్సిన అగత్యం లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ పని కంప్యూటరు చూసుకుంటుంది. కోదాడ, మిర్యాలగూడ కేంద్రాలకు కూడా త్వరలోనే ఈ భాగ్యం.

ప్రారంభోత్సవంలో సంచాలకులు జవహర్ గారు రిబ్బను కత్తిరించి, "ఇన్నాళ్లూ ఒక్కో బాధకు గంట పట్టేది. ఇక ఏడు నిమిషాలే! బాధపడేవారి విలువైన కాలాన్ని ఆదా చేస్తున్నాం" అని సెలవిచ్చారు. పదకొండేళ్లుగా అక్కడ జనం గోడు వింటున్న కౌన్సెలర్ జమున కూడా చప్పట్లు కొట్టింది. ఆమె కుర్చీని గోడవైపు జరిపి, ఆ చోట యంత్రాన్ని పెట్టారు. మీట నొక్కే గురుతర బాధ్యత మాత్రం ఆమెకే వదిలారు.

మూడో రోజున తుంగతుర్తి దగ్గరి పల్లె నుంచి లింగమ్మ తన భర్త బక్కయ్యను వెంటబెట్టుకొచ్చింది. రోగమొచ్చి వారంలో అరవై గొర్రెలు పోయాయి. అప్పటినుంచి ఆయన నోరు విప్పలేదు. నిన్న పురుగుల మందు డబ్బా పట్టుకుని కూర్చుంటే ఆమే లాక్కుంది.

"మీ సమస్య ఏమిటి?" అని యంత్రం తీయగా అడిగింది. బక్కయ్య పలకలేదు. అది ముప్పై సెకన్లు ఓపిక పట్టి "సమస్య లేదు" అని రాసుకుంది. అలా తొమ్మిది ప్రశ్నలయ్యాక, ఆయన సంపూర్ణ ఆరోగ్యవంతుడని తేల్చి అభినందించింది. ఆరోగ్యవంతులకు డాక్టరు దగ్గరికి పంపే చీటీ ఇవ్వకూడదని నియమం.

"మాట్లాడుతలేడనే గద బిడ్డా తోల్కొచ్చిన! జర నువ్వన్న అడుగు," అంది లింగమ్మ.

జమున యంత్రాన్ని ఆపేసి, కుర్చీ లాక్కుని బక్కయ్య ఎదుట కూర్చుంది. ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాలకు ఆయన పెదవులు కదిలాయి.

"ఆఖరి గొర్రె సచ్చేటప్పుడు నా దిక్కే సూసింది బిడ్డా. ఇగ నేను గూడ..."

వెనక వరుసలో నలభై మంది ఉన్నారు. తమ గోడు ఎవరూ వినడం లేదని వచ్చినవారే అందరూ.

"గిదేంది మేడం, ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటరా? మాకు పనుల్లేవా?" అని ముందున్న శ్రీను కేకేశాడు. మిగతావాళ్లు ఫోన్లు తీసి ఫిర్యాదు నొక్కారు. రెండు నిమిషాల్లో పరిష్కారం ఆ ఫిర్యాదుల వ్యవస్థ ప్రత్యేకత. జమునను విధుల నుంచి తప్పించినట్టు ఆమె ఫోనుకే ఉత్తర్వు వచ్చింది.

బక్కయ్య నోరు మూతపడింది. లింగమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని బస్టాండు దారి పట్టింది. శ్రీనే మీట నొక్కి యంత్రాన్ని మళ్లీ నడిపించాడు. వరుస చకచకా కదిలింది. సాయంత్రానికల్లా నలభై మందీ సేవ బ్రహ్మాండమని ఐదేసి నక్షత్రాలిచ్చి ఇళ్లకు వెళ్లారు.

వాళ్ల పేర్లు అడక్కండి. మన పేర్లు మనకు తెలియనివా?