ముందుగదిలో వణుకు

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆర్డరిచ్చే పెద్దమనిషి వస్తాడు. ఆమె భర్త ముందుగదిలోని లేతు మిషను మీద ఒక స్టీలు పిడిని నున్నగా తిప్పి చూపిస్తాడు. ఆర్డరు ఖాయమైతే వెనకవీధిలో చూసిపెట్టుకున్న షెడ్డుకు మిషను వెళ్ళిపోతుంది, ముందుగది పాపకు దక్కుతుంది. ఎనిమిది నెలల పాప పుట్టిన నాటినుంచీ ఇనుము అరుపులకు ఉలిక్కిపడి లేస్తూనే ఉంది. ఆ గది కోసం ఆమె మొక్కని దేవుడు లేడు.

చిక్కల్లా మిషను వణకడమే. తిప్పిన ప్రతి పిడి మీదా అలల్లాంటి గీతలు. తప్పు తనది కాదని భర్తకు గట్టి నమ్మకం, కనుక తప్పు నేలది. ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు. వణుకు ఆగలేదు గానీ అట్టముక్క ఎగిరి ఉయ్యాలలో పడింది.

అప్పుడు బావగారు, అంటే భర్తకు అన్న, రంగంలోకి దిగారు. మిషనును ఏనాడూ ముట్టుకోలేదు కాబట్టి దాని గురించి ఆయనకు ఏ సందేహమూ లేదు. బరువు చాలట్లేదని తేల్చి, కింది పలక మీదికి బట్టల పెట్టె, రెండు నీళ్ళ బిందెలు ఎక్కించారు. గ్యాసు సిలిండరు కూడా దొర్లించుకొస్తుంటే ఆమె అడ్డం పడింది. ఆ లోటు పూడ్చడానికి అత్తగారు కొంగు బిగించి పెట్టె మీద కూర్చున్నారు.

"తగ్గిందా అమ్మా?" అన్నారు బావగారు.

"నా... నాకేం తె... తెలుస్తుందిరా, ప... పళ్ళు కదులుతుంటే."

ఇనుమును చెక్కే టూలు దాని దిమ్మలోంచి నాలుగు వేళ్ళ మేర బయటికి పొడుచుకొచ్చి ఉండడం ఆమె రోజూ చూస్తూనే ఉంది.

"కత్తి పిడి కొసన పట్టుకుని కూర తరిగితే వణకదటండీ? ఆ టూలు కాస్త లోపలికి తోస్తే..."

"వంట వేరు, ఇంజనీరింగు వేరమ్మాయ్," అన్నారు బావగారు.

బడి మధ్యలో మానేసిన ఆమెకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన ఏ ఇంజనీరింగు వెలగబెట్టారో అడగడం ఆ ఇంట్లో మర్యాద కాదు.

ఈసారి మెత్తదనం కావాలన్నారు. పాప ఆడుకునే రబ్బరు చాప నాలుగు ముక్కలై మిషను కాళ్ళ కిందికి వెళ్ళింది. దాంతో మిషనుకు నడక వచ్చింది. చిన్న చిన్న గెంతులతో, అత్తగారితో సహా గది దాటి, వీధి తలుపుకు ఆనుకుని ఆగింది. సరిగ్గా అప్పుడే బయటినుంచి ఎవరో తలుపు కొట్టారు.

వీధి తలుపు ఇక తెరుచుకోదు కనుక పెద్దమనిషిని వంటింటి మీదుగా తీసుకురావడానికి అన్నదమ్ములు వెనక్కి పరిగెత్తారు. అత్తగారు పడిపోయిన కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. కోడలు గబగబా మరలు వదులుచేసి, టూలు లోపలికి తోసి, మళ్ళీ బిగించింది.

మిషను పిల్లిలా తిరిగింది. పిడి అద్దంలా వచ్చింది. అంతా బరువు మహిమ అన్నారు బావగారు. పెద్దమనిషి మాత్రం బొటనవేలితో రుద్దిచూసి మొహం ముడిచాడు.

"నూనె చేతులతో పట్టుకునే పిడండీ ఇది, జారిపోతుంది. మీరు పంపిన నమూనా మీద చక్కటి గీతలున్నాయి. అవి చూసే వచ్చాను. అవి లేకపోతే నాకక్కర్లేదు."

బిందెలు దిగాయి, పెట్టె దిగింది, అత్తగారూ దిగారు. మిషను వణికితే ఒట్టు. పెద్దమనిషి చెప్పుల కోసం చూస్తున్నాడు. అంటే పాప గది వెళ్ళిపోతోంది. పెట్టె ఎక్కడ పెట్టాలో అన్నదమ్ములు వాదించుకుంటుండగా, ఆమె వంగి, టూలును మళ్ళీ నాలుగు వేళ్ళ మేర బయటికి లాగి బిగించింది. మరోసారి తిప్పిచూడమని భర్తకు చెప్పింది. కిటికీలు గిలగిల్లాడాయి, పాప ఏడ్చింది, గీతలు ముత్యాల్లా పడ్డాయి.

"చూశారా," అన్నారు బావగారు. "ఇదంతా ఈ చోటు గొప్పతనం. ఇంకెక్కడ పెట్టినా ఇలాంటి గీత పడదు."

"అదికాదండీ, ఆ టూలు నేనే..."

"నువ్వుండమ్మాయ్, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

పెద్దమనిషి చోటు కేసి గౌరవంగా చూశాడు. మిషను ఇక్కణ్ణుంచి వెంట్రుకవాసి కదపకూడదు, అలా రాసిస్తేనే ఆర్డరు అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపు భర్త సంతకం పెట్టేశాడు.

అనుకున్నట్టే షెడ్డు తీసుకున్నారు. పాప ఉయ్యాల అందులోకి మారింది.