దొరగారి ఎడమ చంక సంగ్రామము

ప్రభాతకాంతులు మూడవ అంతస్తు కిటికీ చువ్వల సందున జొరబడి సోఫా చేతిమీదను, సగము మడిచిన దుప్పట్ల గుట్టమీదను, నిన్నటి కాఫీకప్పు అడుగున ఎండిన వలయముమీదను సమదృష్టితో ప్రసరించుచుండగా, బట్టలుతుకు యంత్రము యుద్ధభేరివలె దడదడలాడుచు స్నానాలగది తలుపును వణికించుచుండగా, పై అంతస్తువారు బల్లలు జరుపుచు మేఘగర్జనలను అనుకరించుచుండగా, లోకమెల్ల విశ్రమించు ఆదివారమున, ఎవ్వరును విశ్రమింపని ఒక ఇంటి ముందుగదిలో జరిగిన మహాసంగ్రామమును ఇప్పుడు పాడవలసియున్నది. ఓ వాక్కా, గొంతు సవరించుకొనుము! రాజ్యముకొరకు పోరినవారిని పాడినవారు కలరు, రత్నములకొరకు పోరినవారిని పాడినవారు కలరు. ఒక పిల్లి చంకలోని బొచ్చుకొరకు పోరిన తల్లిని పాడు భాగ్యము నీకే దక్కినది.

ఆ పిల్లి పేరు దొర. ధూమ్రవర్ణదీర్ఘరోమరాజివిరాజితుడు, చామరసన్నిభవాలుడు, కిటికీగట్టు సామ్రాజ్యమునకు ఏకచ్ఛత్రాధిపతి, వయసు వంగదీసినను గర్వము వంగనివాడు. తన ఒడలిని తానే నాకి శుభ్రపరచుకొనగలనని నమ్మి, పరుల చేతి దువ్వెనను ఆజన్మశత్రువుగా నెంచువాడు. పొట్ట పెరిగిన కారణమున ఆయన నాలుక చంకదాక అందుట మాని చాలకాలమైనదన్న సత్యమును ముఖము మీద చెప్పగల ధీరులు ఆ ఇంట లేరు.

ఇక ఆ ఇంటి ఇల్లాలు. అశుభశంకాధురంధర! ఫోను మ్రోగినచో ఆసుపత్రినుండి యనియు, మ్రోగనిచో మాటలాడు స్థితిలో ఎవరును లేరనియు తలచి, రెండు విధముల వణకనేర్చిన సవ్యసాచి. గడచిన వారమున దొర ఎడమ చంకలో ఒక చిన్న చిక్కు ఆమె వ్రేలికి తగిలెను. మరొకరైనచో చిక్కనుకొందురు. ఆమె గడ్డ యనుకొనెను. గడ్డ కాదని తేలిన పిమ్మట పురుగులనుకొనెను. పురుగులన్నంతనే ఇక ఆగలేక, కూతురు ఇంట లేని సమయము చూచి, బకెట్టు నిండ గోరువెచ్చని నీళ్ళు పెట్టి, దొరను మెడదాక ముంచి తీసెను. ఆ జలయుద్ధమున ఆమె ముంజేతులపై వ్రాయబడిన ఎఱ్ఱని గీతలను వర్ణింప వేరొక కావ్యము కావలెను. ఫలితము మాత్రము ఇక్కడనే చెప్పవలెను: తడిసి ఆరిన ఆ చిక్కు ముడుచుకొని, బిగుసుకొని, కంబళిముక్కవలె గట్టిపడి, లోపలి చర్మమును పట్టి లాగుచు, అభేద్యజటాదుర్గమై నిలిచెను.

దొర కుంటసాగెను. కిటికీగట్టుమీదికి ఎగురుట మానెను. క్రిందనుండి తన సామ్రాజ్యమువంక చూచి, ఎగురబోయి, ఆగి, ఎవరైన చూచిరేమోయని చుట్టును పరికించి, కాలివ్రేళ్ళు నాకుకొను నెపమున అక్కడనే కూలబడెడివాడు. 

చివరకు ఆ ఆదివారము ఉదయమున పశువుల డాక్టరుకు ఫోను చేసెను.

"స్నానం చేయించారా? ఎందుకమ్మా?" అని డాక్టరు నిట్టూర్చెను.

"శుభ్రంగా ఉంటాడని..."

"నీళ్ళు తగిలితే చిక్కు ఇంకా బిగుస్తుంది. సరే, అయిందేదో అయింది. కత్తెర మాత్రం పెట్టకండి. పిల్లి తోలు పల్చన, బొచ్చుతో పాటు అదీ తెగుతుంది. రేపొద్దున్నే తీసుకురండి, మత్తిచ్చి గొరిగేద్దాం."

"మత్తా? మళ్ళీ లేస్తాడా?"

"లేస్తాడమ్మా. కాస్త వయసైంది కాబట్టి రాసివ్వలేను గానీ, మామూలుగా అందరూ లేస్తారు."

తక్కిన మాటలన్నియు గాలిలో కలిసిపోగా, 'రాసివ్వలేను' అన్నది ఒక్కటి ఆమె చెవిలో గూడు కట్టుకొని కూర్చుండెను. ఆ క్షణముననే ఆమె, రేపటి భాస్కరుడు ఉదయించులోపల, మత్తుసూది మొన దొర తొడను తాకులోపల, ఆ జటాదుర్గమును స్వహస్తములతో కూలగొట్టుదునని భీషణప్రతిజ్ఞ గావించెను. ఆ ప్రతిజ్ఞ ఆమె నోట వెలువడిన తీరు ఇది:

"ఏవండీ, ఆ పేపరు పక్కన పెట్టండి. వాడి చంక సంగతి ఇవాళ తేలిపోవాలి."

"ఎవడి చంక?" అని పత్రికాకవచాంతర్గతుడైన భర్త అడిగెను.

అంతట ఆయుధసన్నాహము మొదలయ్యెను. ముందు తల్లి కిటికీ తలుపులు మూసెను, దొర దూకునేమోయని. గాజు పూలకుండీని బీరువాలో దాచెను, పగిలి ఎవరికేని గ్రుచ్చుకొనునేమోయని. ఇంట ఉన్న ఒకే ఒక రెయిన్‌కోటు తొడిగి మెడదాక గుండీలు పెట్టెను. చేతులకు వేడిగిన్నెలు దింపు దళసరి తొడుగులు వేసికొనెను. ఆపై దూది, కట్టుగుడ్డ, గాయములకు పూయు మందు గల రేకుడబ్బాను తెచ్చి బల్లమీద పెట్టి మూత లాగెను.

టక్.

ఆహా, ఆ టక్కు! దుప్పట్ల గుట్టమీద నిదురించుచున్న దొర చెవులు రెండును వెనుకకు వాలెను. మరుక్షణమున ధూమ్రవర్ణపు మెరుపొకటి గది నడుమ సాగి మంచము క్రింద అంతర్ధానమయ్యెను.

"అమ్మా! వాడు దువ్వెన చూసి కాదే, నీ డబ్బా చప్పుడు వినే పారిపోతాడు," అనుచు పండ్లు తోముకొనుచున్న కూతురు వచ్చి, తల్లి వేషమును ఆపాదమస్తకము చూచి, నోటిలోని నురుగు నేలరాలునంతగా నవ్వెను. "పిల్లిని దువ్వడానికా, బాంబు తీయడానికా ఈ అవతారం?"

"నవ్వు, నవ్వు! రేపు వాడు లేవకపోతే అప్పుడు ఏడుద్దువు గాని."

మంచము క్రిందనుండి ఒక దీర్ఘమంద్రగర్జన వెలువడెను. మానవభాషలో దాని తాత్పర్యమిది: "ఓ రెయిన్‌కోటుధారిణీ! ఓ దళసరిహస్తా! నీ బకెట్టును నేను మరచితిననుకొంటివా? నా రోమము నా సొత్తు, నా చిక్కు నా సొంత విషయము. ప్రాణము పోయినను పండ్లుగల వస్తువును నా మేన తాకనీయను. పొమ్ము! పోవునప్పుడు నా గిన్నెలో మేత వేసి పొమ్ము!"

భర్త చీపురుతో పడమటి ద్వారమును, కూతురు తువ్వాలుతో తూర్పు ద్వారమును కాపలా కాయగా, తల్లి బోర్లపడుకొని మంచము క్రిందికి జొచ్చెను. పిమ్మట ఏమి జరిగెనో స్పష్టముగా చూచినవారు లేరు. తువ్వాలు గాలిలోకి లేచెను. చీపురు భర్త కాలికే తగిలెను. దొర తువ్వాలులో చుట్టబడి, తల మాత్రము బయటపెట్టి, బందీయైన సమ్రాట్టువలె ముగ్గురిని పేరుపేరున శపించెను. కూతురు వంటింటినుండి కార్న్‌ఫ్లోరు తెచ్చి, "ఇది పోస్తే చిక్కు కాస్త జారుతుందట," అని ఎడమ చంకలో గుప్పెడు పోసెను. తల్లి దువ్వెన దింపెను. ఒక్క లాగు! ఫటఫటమని తెగినవి ప్లాస్టిక్కు దువ్వెన పండ్లు. చిక్కు చెక్కుచెదరలేదు. దొర మాత్రము తువ్వాలును, తల్లి చేతి తొడుగును, అందరి పరువును అక్కడనే విడిచి, తెల్లని పిండిధూళిని వెనుక విసరుచు, ఈసారి సోఫా వెనుక కోట కట్టెను.

"ఇలా కాదు, ఇనుప దువ్వెన కావాలి. వీధి చివర పెంపుడు జంతువుల కొట్లో ఉంటుంది, ఇప్పుడే తెస్తా," అని కూతురు చెప్పులలో కాళ్ళు దూర్చెను.

"మబ్బు పట్టింది చూడు. రోడ్డు చూసి దాటు. చేరగానే ఫోన్ చెయ్!"

"వీధి చివరికేనే అమ్మా!"

కూతురు దిగిన కొంతసేపటికి కిటికీ అద్దముమీద తొలిచినుకు పడెను. పిదప ఆకాశము తన సంచి మూతి విప్పి క్రుమ్మరించెను. వీధి తెల్లనై, ఎదుటి మేడ మాయమయ్యెను. తల్లి ఫోను చేసెను. మ్రోగెను, ఎత్తలేదు. మరల చేసెను. ఈసారి మ్రోగనుగూడ లేదు.

"ఏవండీ, ఎత్తట్లేదు."

"వానలో ఎలా ఎత్తుతుంది? కొట్లోనే నిలబడి ఉంటుంది."

"గొడుగు కూడా లేదు దానికి..." అని తల్లి తన ఒంటివంక చూచుకొనెను. ఇంటి ఏకైక రెయిన్‌కోటు! వాన పడని ముందుగదిలో, మెడదాక గుండీలతో, తన మేననే మెరయుచున్నది! ఆమె కోటు ఊడదీసి, కిటికీ క్రింద గోడకానుకొని నేలమీద చతికిలబడెను. జారిపడిన స్కూటర్లు, తెగిపడిన కరెంటు తీగలు, మూత లేని మురుగు గుంతలు, బ్రేకులు పట్టని లారీలు బారులుతీరి ఆమె మనోవీథిని ఊరేగసాగెను. దొర ఊసే ఆమె తలపున లేదు. దువ్వెన లేదు, తొడుగులు లేవు, డబ్బా ఎక్కడో బల్లమీద నున్నది.

సోఫా వెనుకనుండి ఒక మీసము వెలువడెను. దాని వెంబడి ముక్కు, దాని వెంబడి తక్కిన సామ్రాజ్యము. పిండి పులుముకొన్న ఆ వృద్ధవీరుడు కుంటుచు వచ్చి, నిరాయుధయైన ఆమెను వాసన చూచి, యుద్ధము ముగిసినదని నిశ్చయించుకొని, ఆమె ఒడిలోనికెక్కి, కాళ్ళు చాపి, ఎడమ చంక పైకి వచ్చునట్లు ఒరిగెను.

ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పవలెను. కూతురు చిన్నదిగా నున్నప్పుడు జ్వరము వచ్చినను, పరీక్ష వచ్చినను, బడి బస్సు ఆలస్యమైనను, ఆ పిల్ల జడ కొనలలోని చిక్కులను వ్రేళ్ళతో ఒక్కొక్క పోగుగ విడదీయుచు భయపడుట ఆ తల్లికి అలవాటు. పిల్ల పెరిగి జుట్టు కత్తిరించుకొన్న నాటినుండి ఆ వ్రేళ్ళకు పని లేకపోయెను. అవి పైట అంచు దారములను లాగెడివి, సోఫా గలేబు కుట్లు విప్పెడివి. ఇప్పుడు వానవంక కనులు నిలిపి ఆమె ఒక లారీని ఊహించుకొనుచుండగా, ఆ వ్రేళ్ళు తమంతట తామే దొర చంకలోనికి ప్రాకెను. పిండితో జారుడైన ఉండ కొనను పట్టెను. ఒక పోగు తీసెను. పిమ్మట మరొకటి.

ఒక్కొక్క ఘోరమునకు ఒక్కొక్క వెంట్రుక! కరెంటు తీగ తెగిపడినంతనే ఒక పాయ విడెను. స్కూటరు జారినంతనే ఇంకొకటి. లారీకి మాత్రము బ్రేకులు ఎంతకును పడకపోవుటచేత, దుర్గము నడిమి ప్రాకారమంతయు వదులయ్యెను. దొర కనులు మూసి, గొంతులో చిన్న మోటారు నడుపుచు, ముంజేయి చాచి 'ఇంకను' అనెను.

తలయెత్తిన భర్త ఆ అద్భుతమును చూచి కొయ్యబారిపోయెను. సరిగా అప్పుడే గాలిలో తేలుచున్న పిండియు బొచ్చును కలిసి ఆయన నాసికాగుహలో ప్రవేశించినవి. తుమ్ము! ఎదురులేని తుమ్ము! అది వెలువడినచో దొర లేచును, దొర లేచినచో రేపు మత్తుసూది తప్పదు. ఇంతకాలమును ఏ యుద్ధమునందును గెలువని ఆ గృహస్థు ఆనాడు వీరుడయ్యెను. కనులు నీళ్ళు గ్రమ్మ, ముఖము వంకాయవర్ణము దాల్ప, సోఫా దిండును ముఖమునకు అదుముకొని, మునివ్రేళ్ళమీద స్నానాలగదికి నడచి, తలుపు మూసి, బట్టలుతుకు యంత్రపు ఘోషలో తన తుమ్మును సమాధి చేసెను.

కాలింగుబెల్లు మ్రోగెను. తల్లి దిగ్గున లేచెను. దొర నేలకు దూకెను. గుమ్మమున కూతురు, నఖశిఖపర్యంతము తడిసి, ఇనుప దువ్వెనను ఖడ్గమువలె ఎత్తి నిలిచియుండెను.

"ఫోన్ ఎత్తవేంటే నువ్వు! నా ప్రాణం పోయింది ఇక్కడ!"

"చార్జింగ్ అయిపోయిందమ్మా. దువ్వెన దొరికింది చూడు... అమ్మా, నీ చేతిలో ఏంటది?"

తల్లి గుప్పిట విప్పి చూచెను. అరచేతిలో, ధూమ్రవర్ణమై, పిండి పూసిన, రేగిపండంత ఉండ.

"అయ్యో! ఊడొచ్చిందా? రక్తం వస్తోందేమో చూడవే!"

కూతురు వంగి దొర చంకను చూచెను. "రక్తమూ లేదు, ఏమీ లేదు. తోలంతా శుభ్రంగా ఉంది. ఎలా తీశావే దీన్ని?"

"ఏమో. నువ్వు లారీ కింద పడ్డావనుకుంటున్నాను."

ఆ పలుకులు ముగియకమునుపే దొర గోడదాక నడచి, కిటికీగట్టువంక చూచి, ఈసారి చుట్టును పరికింపక, ఎగిరెను! ఎగిరి నిలిచెను! నిలిచి, వానలో తడియుచున్న తన సామ్రాజ్యమును కలియజూచి, తోకను పాదములచుట్టు చుట్టుకొని, ఎవరివల్లను తనకు మేలు జరుగలేదన్నట్లు కూర్చుండెను. స్నానాలగదినుండి భర్త ముక్కు తుడుచుకొనుచు వచ్చి, "అయిపోయిందా? నేనే లేకపోతేనా!" అనెను. తల్లి చీరకొంగుతో కూతురి తల తుడుచుచు, మరియొక చేత డాక్టరుకు ఫోను చేసి, "మత్తు వద్దండీ, ఇక వాణ్ణి తీసుకురానక్కర్లేదు," అని చెప్పుచు, ఉన్నట్టుండి ఏడ్చెను.

కావున ఓ దిక్కులారా, వినుడు! ఓ పై అంతస్తువారలారా, బల్లలు జరుపుట ఆపి వినుడు! చీపురు ఓడెను, తువ్వాలు ఓడెను, ప్లాస్టిక్కు దువ్వెన పండ్లూడి నేలకొరిగెను. ఒక తల్లి భయము గెలిచెను. రేగిపండంత ఉండ పట్టుబడెను. దానిని దొర మింగునేమో, మింగినచో గొంతున అడ్డుపడునేమోయను భీతితో ఆ విజేత్రి దానిని భద్రముగా రేకుడబ్బాలో పెట్టి మూత వేయగా,

టక్.

కిటికీగట్టు శూన్యమయ్యెను. మంచము క్రింద రెండు పచ్చని దీపములు వెలిగెను. అయినను జయము జయమే! కుడి చంకను ఇంకను ఎవ్వరును తడిమి చూడలేదు, తోక మొదలి సంగతి తలచుటకే ధైర్యము చాలదు. కాని ఆ ఆదివారము మధ్యాహ్నభోజనవేళకు, సమస్తలోకసాక్షిగా, దొరగారి ఎడమ చంక స్వతంత్రమయ్యెను!