డప్పు కాచిన సాయంత్రం

శనివారం పొద్దున జెఫ్రీ జేబులోని కాగితం మీద ఉన్న పనులు ఇవి: చర్చి నుంచి మైకు సెట్టు తేవాలి. ఒడిశా కుర్రాళ్ల డాన్సుకు పాట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాలి. క్యాంటీన్‌లో వంట చేసే జైతూన్ బీ చేత పెళ్లిపాట పాడించాలి, ఆమె వద్దన్నా సరే. కొండాపూర్ మండలం నుంచి వచ్చే డప్పు చిన్నరాములుకు గేటు పాసు రాయించాలి. రెండు వందల కుర్చీలు. రెండు వందల మంది.

చివరిదే కష్టం. జెఫ్రీ పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో హెచ్ఆర్ ట్రైనీ. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. ట్రైనింగు సోమవారంతో అయిపోతుంది. ఐదు భాషల వాళ్లు పనిచేసే చోట అన్ని భాషల ఆటపాటలు పెడదామన్నది అతని ఆలోచనే. మేనేజర్ హరినాథ్ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఫోటోలు హెడ్డాఫీసుకు పోతాయి. కుర్చీలు ఖాళీగా కనబడితే సోమవారం నీ కుర్చీ కూడా ఖాళీయే."

అందుకే జెఫ్రీ నోటీసులో 'హాజరు తప్పనిసరి' అని పెద్దక్షరాల్లో రాసి గోడలన్నిటికీ అంటించాడు. ఆ కంపెనీలో అప్పటిదాకా తప్పనిసరి అని పిలిచినవి రెండే: భద్రత మీద క్లాసు, రక్తపరీక్ష. నాలుగింటికి పని ఆపి రమ్మన్నా ఎవరూ కదల్లేదు. అందరికీ ఒక్కసారిగా పని మీద ప్రేమ పుట్టింది. మైదానంలో పదకొండు మంది కూర్చున్నారు. అందులో తొమ్మిది మంది డాన్సు చేయాల్సినవాళ్లే.

"బేటా, నేను కుర్చీలకు పాడాల్నా?" అంది జైతూన్ బీ.

"జెర ఆగు ఖాలా, వస్తరు."

"యాడికెళ్లి వస్తరు? రక్తం తీస్తరని పొద్దుటి సంది పరగడుపున ఉన్నరు. నా పప్పు గిన్నె గట్లనే ఉన్నది!"

జెఫ్రీ చిన్నరాములు దగ్గరికి పరుగెత్తాడు. "రాములన్నా, ఇగ నువ్వే దిక్కు. డప్పు కొట్టు, గా చప్పుడుకన్న వస్తరు."

"కొడ్త సారూ. వానకు తోలు మెత్తవడ్డది. జెర కాచుకోవాలె."

"కాచుకో, జల్దీ!"

జెఫ్రీ చిన్నప్పటి నుంచీ మంట సెగకు డప్పు కాచడం చూసినవాడే. నిప్పు రాజేయకూడని చోట నిలబడి ఉన్నానని మాత్రం మరిచిపోయాడు. చిన్నరాములు అగ్గిపెట్టెను వాచ్‌మన్ అంజన్న గేటు దగ్గరే తీసేసుకున్నాడు. దాంతో చిన్నరాములు మిగిలిన నోటీసుల కట్ట తీసుకుని, క్యాంటీన్ పొయ్యి మీద అంటించుకుని, వెనక ఖాళీ స్థలంలో మంట వేశాడు. తప్పనిసరి హాజరు బాగానే మండింది.

పోయిన వారం భద్రత క్లాసులో మొదటి బహుమతిగా టిఫిన్ బాక్సు గెలిచింది అంజన్నే. గేటు నుంచి పొగ చూశాడు. సైరన్ నొక్కాడు.

సైరన్ మోగితే అందరూ పని వదిలి ఒకేచోట చేరాలి. తలలు లెక్కపెట్టి, గేటు రిజిస్టరుతో లెక్క సరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. కంపెనీలో అంతమంది పట్టే చోటు ఒకటే. కుర్చీలు వేసింది అక్కడే.

నాలుగు నిమిషాల్లో మూడు వందల మంది వచ్చారు.

"ఏమయ్యా, మంట ఎక్కడ?" హరినాథ్ రొప్పుతూ వచ్చాడు.

"మంట కాదు సార్, డప్పు."

అప్పటికే చిన్నరాములు బకెట్ నీళ్లు కుమ్మరించాడు. తలలు లెక్కపెట్టారు. ఒకరు తక్కువ. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ ఒకరు తక్కువ. లోపల ఎవరైనా ఉండిపోయారేమోనని హరినాథ్ వెతకడానికి వెళ్లబోయాడు.

"సారూ, సల్లవడితె తోలు మళ్ల మెత్తవడ్తది. కొట్టాల్నా వద్దా?" అన్నాడు చిన్నరాములు.

"జనం కంగారు పడుతున్నారు. ఏదో ఒకటి కొట్టించు!" అని హరినాథ్ వెళ్లిపోయాడు.

డప్పు మోగింది. ఒడిశా కుర్రాళ్లు లేచారు. పిలవకుండానే బాయిలర్ దగ్గరి బిహారీలు కలిశారు. తర్వాత జైతూన్ బీ మైకు పట్టుకుంది. ప్యాకింగ్ ఆడవాళ్లు ఆమె పాటకు వంత పాడారు. ఎవరూ పారిపోలేదు. పారిపోకూడదు కూడా.

జెఫ్రీ రిజిస్టరులోని పేర్లు ఒక్కొక్కటే చూశాడు. మైదానంలో లేని మనిషి పేరు మొదటి వరుసలోనే ఉంది. అంజన్న. సైరన్ నొక్కినవాడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఈ సంగతి చెబితే లెక్క సరిపోతుంది, జనం వెళ్లిపోతారు. జైతూన్ బీ పాటలో ఇంకా రెండు చరణాలున్నాయి. జీవితంలో మొదటిసారి జెఫ్రీ ఒక పని ఆలస్యంగా చేశాడు.

హరినాథ్ ఆదివారమంతా ఆలోచించి నివేదికలో దాన్ని మాక్ డ్రిల్ అని రాశాడు. సోమవారం హెడ్డాఫీసు ఫోటోలు చూసి జవాబిచ్చింది: ఇంత క్రమశిక్షణ ఏ యూనిట్‌లోనూ లేదు, గంటసేపు ఒక్కరూ ఇంటికి జారుకోలేదు, పైగా చప్పట్లు కొట్టారు. జెఫ్రీ ఉద్యోగం ఖాయమైంది, భద్రతా విభాగంలో. అతని మొదటి పని, సైరన్ మోగినా మైదానానికి రానందుకు అంజన్నకు మెమో ఇవ్వడం.

"గేటు ఇడిసి వస్తే, ఇడిసినందుకు ఇస్తుండె గద సార్?" అన్నాడు అంజన్న.

"ఇస్తుండెనే, అన్నా."

"గట్లయితే సంతకం ఏడ పెట్టాలె?"

ఆ దారిన వెళ్లినప్పుడు గేటు దగ్గర అంజన్నను ఒకసారి తలచుకోండి. ఆ సాయంత్రం అందరినీ రప్పించినవాడు అతనే, ఏమీ చూడనివాడూ అతనే.