మూత పగిలిన సందు

ఇకపై ఎవరినీ సూదితో పొడవకుండా, మురుగునీటిని పరీక్షించి ఊళ్ళో జబ్బులు కనిపెడతామని ఆరోగ్య శాఖవారు ప్రకటించారు. "మురుగుకి పేదా గొప్పా తేడా లేదు" అని అధికారిగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ప్రసంగించారు. అందరం చప్పట్లు కొట్టాం.

పరీక్షకు మురుగు కావాలి, మురుగు కావాలంటే మూత తెరవాలి. ఎగువ వీధి మూతల మీద పూలకుండీలున్నాయి, కార్లున్నాయి, ఒకచోట పాలరాతి మెట్లే ఉన్నాయి. వాటిని కదిలించడం మర్యాద కాదు. కింది సందులో మూత ఏనాడో పగిలిపోయింది. కాబట్టి ఆ సందు ప్రజలు మనస్ఫూర్తిగా సహకరించారని రాసుకున్నారు.

నీళ్ళలో విరేచనాల జబ్బు దొరికింది. వెంటనే సందు మొదట్లో ఎర్రబోర్డు పాతి, ఇస్త్రీ అత్త కొట్టు మూయించారు. అత్తకు కూడూ గుడ్డా ఆ కొట్టే.

"ఇస్త్రీపెట్టె కింద ఏ పురుగు బతుకుతుంది నాయనా? కావాలంటే నీ చెయ్యి పెట్టి చూడు!" అంది అత్త.

బోర్డు పాతినవాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నన్నేం చెయ్యమంటావమ్మా, పైనుంచి ఆర్డరు."

"పైనుంచి వచ్చేది ఆర్డరొక్కటేనా?"

నిజమే, ఎగువ వీధి గొట్టాలన్నీ ఆ సందులోకే దిగుతాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఫలితాల కాగితంలో దేవుడికి గడి లేదు.

ఎగువ వీధిలోనూ పరీక్షిద్దామని ఎవరో తొందరపడి అన్నారు. ఆ వీధి సంఘం అధ్యక్షులవారు మండిపడ్డారు. "మా ఇంట్లోంచి ఏం పోతోందో చూడ్డానికి మీరెవరండీ? మనిషన్నాక పరువుండొద్దూ?"

న్యాయమైన మాట. ఎగువ మురుగు పరువు కాపాడటానికి నీతి సంఘం వేశారు. ఇంటింటి అంగీకారం లేనిదే చుక్క కూడా తీయరాదని తీర్మానించారు. మరి సందువాళ్ళను అడిగారా అని ఒక సభ్యురాలు సందేహపడితే, "అక్కడ తెరిచే ఉంది కదమ్మా" అని ఓపికగా వివరించారు.

జబ్బు అదుపు చేసినందుకు సభ జరిగింది. అధ్యక్షులవారు నలిగిన చొక్కాతో వచ్చి, సందువాళ్ళు శుభ్రత నేర్చుకోవాలని హితవు చెబుతూ, మధ్యలో పొట్ట పట్టుకుని ఇంటికి పరుగెత్తారు. కాసేపటికి తేలికపడి వచ్చి మిగతా ప్రసంగం ముగించారు.

మర్నాడు పరీక్షలో సందు నీళ్ళలో జబ్బు మరింత పెరిగిందని తేలింది. అత్త కొట్టు ఇప్పట్లో తెరవద్దన్నారు.

మీరూ నేనూ ఆ ఎర్రబోర్డు చూసి, ముక్కు మూసుకుని, గబగబా ఇల్లు చేరుకున్నాం. శుభ్రంగా కాళ్ళు కడుక్కున్నాం. ఆ నీళ్ళు సందులోకి వెళ్ళాయి.