జంటకు ఒకటే సీటు

పాయింట్లు ఒక్క బిజినెస్ క్లాసు టికెట్టుకే సరిపోవడంతో, విమాన సంస్థవారు పానకాలరావునీ ఆయన భార్య సువర్చలనీ హైదరాబాదు విమానాశ్రయంలో ఒకే ప్రయాణికుడిగా కలిపేశారు. ఇది నిబంధనల్లో ఉన్నదే. దంపతులు తమ పాయింట్లను కలుపుకోవచ్చని సంస్థ ఏనాడో ప్రకటించింది. పాయింట్లు కలిశాక మనుషులు మాత్రం విడిగా ఎందుకుండాలని ఆ తరవాత అక్కడ ఎవరికో తోచింది.

పానకాలరావుకి గుంటూరులో టైల్స్ షాపు ఉంది. పాయింట్ల సంగతి మాత్రం సువర్చలదే. గ్యాసుబండ మొదలుకొని ఆడపడుచు కూతురి పెళ్లిపట్టుచీరల దాకా అన్నీ క్రెడిట్ కార్డు మీదే కొని పాయింట్లు పోగేసేది. చుట్టాలెవరైనా ఊరికెళ్తున్నారని తెలిస్తే చాలు, "టికెట్లు నేను తీస్తాను, డబ్బులు తరవాత ఇద్దురుగాని" అని ఎగబడేది. పెళ్లయి పాతికేళ్లు నిండేసరికి జ్యూరిక్ వెళ్లి మంచు చూడాలి, అదీ కాళ్లు చాపుకుని హాయిగా పడుకుని వెళ్లాలి. ఇదీ ఆవిడ పంతం.

"నొప్పేమీ ఉండదండీ," అంది కౌంటర్లో అమ్మాయి. "ఇద్దరూ పక్కపక్కన ఈ ద్వారంలోంచి నడవండి. అటువైపు ఒకరే వస్తారు."

"ఎవరొస్తారు?" అంది సువర్చల.

"ఖాతా ఎవరి పేరున ఉంటే వారండీ. మేడమ్ ఎడమవైపు ఉంటారు."

ఖాతా పానకాలరావు పేరున ఉంది. తెరిచిన రోజున ఆధార్ కార్డు ఆయనదే చేతికి దొరికింది.

"పెళ్లిలోనూ నిన్ను ఎడమవైపే కూర్చోబెట్టారు గదే," అన్నాడాయన హుషారుగా. "అర్ధాంగి అంటే మరేంటనుకున్నావ్? రా, ఆలస్యమవుతోంది."

ద్వారం దాటాక పానకాలరావు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎడమ కన్ను, ఎడమ చెయ్యి, ఎడమ కాలు సువర్చలవి. నోరు ఉమ్మడి. సామాను ఒక మనిషికి సరిపడేంతే తీసుకెళ్లాలి కాబట్టి ఆవిడ పెట్టెను తిరిగొచ్చాక తీసుకోమని కౌంటర్లో ఉంచేసుకున్నారు. అందులోని ఆవకాయ డబ్బాని మాత్రం ఆయన పెట్టెలోకి మార్చారు. ఆ విషయంలో దంపతుల మధ్య అభిప్రాయభేదం రాలేదు. ఆయనవి పొడుగు అంగలు, ఆవిడవి పొట్టి అడుగులు కావడంతో విమానం దాకా కాస్త పక్కకి ఒరుగుతూ నడవాల్సి వచ్చింది.

సీటు ఎడమవైపు కిటికీ పక్కన వచ్చింది. ఇన్నేళ్లలో ఏ బస్సులోనూ రైల్లోనూ కిటికీ దక్కని సువర్చల ఎడమ కంటి నిండా మబ్బుల్ని చూసుకుంది. భోజనాల వేళ పానకాలరావు కోడికూర అడిగాడు. అదే నోటితో సువర్చల, "శనివారమండీ!" అని కసిరింది. ఎయిర్ హోస్టెస్ చిరునవ్వు చెరగకుండా సగం కోడికూర, సగం పనీరు ఉన్న పళ్లెం తెచ్చిపెట్టింది. జంటలకి అదే ఇస్తారట.

తిన్నాక కుడి కన్ను మూతపడింది. ఎడమ కన్ను మేలుకునే ఉంది. పక్క వరసలో సూటు వేసుకున్న ఒక భారీకాయుడు కూడా అలాగే ఒంటికన్ను తెరుచుకుని ఉన్నాడు.

"మొదటిసారా వదినా?" అన్నాడు ఆ మనిషి బొంగురు గొంతుతో. "నేను ధనమ్మని. మాది నెల్లూరు. ఈయనది రొయ్యల వ్యాపారం. మాకిది నాలుగోసారి."

"తిరిగెళ్లాక విడదీస్తారు గదా?" అంది సువర్చల భర్త గొంతు తగ్గించి.

"ఎందుకు విడదీయరూ? దానికీ పాయింట్లే కట్టాలి. తొలిసారి విడిపించుకున్నాం. తరవాత ఎందుకులే అనిపించింది. ఆ పాయింట్లతో ఇంకోసారి దుబాయ్ పోయి రావచ్చు గదా!"

జ్యూరిక్‌లో మంచు బాగా కురిసింది. ఎడమ చెయ్యి సగం దోసిలి పట్టి మంచునెత్తుకుంది. కుడి చెయ్యి జేబులోంచి బయటికి రానంది. సువర్చల ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టింది. అందులో పానకాలరావు ఒక్కడే ఉన్నాడు. జంట చూడముచ్చటగా ఉందని అందరూ రాశారు. సువర్చల తమ్ముడు మాత్రం, "అక్కయ్య కాస్త చిక్కినట్టుంది," అన్నాడు.

గుంటూరు తిరిగొచ్చాక, విడిపించుకునేందుకు కావలసిన పాయింట్లు సమకూరేదాకా అలాగే ఉన్నారు. ఎడమ చెయ్యి కాఫీ కలిపేది, కుడి చెయ్యి పేపరు పట్టుకునేది. షాపులో బేరాలు ఆవిడ ఆడితే లాభం ఎక్కువొచ్చేది. వీళ్ల అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకు కడిగించమని సువర్చల ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. "చూద్దాంలేమ్మా," అనేవారు కమిటీ పెద్దలు. ఇప్పుడు అదే మాట భర్త గొంతుతో ఒక్కసారి అంది. మర్నాడే మనుషులు ట్యాంకులోకి దిగారు. లిఫ్టు బాగైంది. మెట్ల మీద బల్బులు వెలిగాయి. "పానకాలరావు గారి బుర్ర ఈమధ్య పాదరసంలా పనిచేస్తోంది," అనుకున్నారు అందరూ. ఆవిడేదని ఎవరూ అడగలేదు. కాపురం సజావుగా సాగుతున్న ఇల్లు కాబట్టి లోపలెక్కడో ఉండే ఉంటుందనుకున్నారు.

ఒకరోజు గడ్డం గీసుకుంటూ పానకాలరావు ఆగిపోయాడు.

"పాయింట్లు వచ్చేశాయే," అన్నాడు అద్దంలోకి చూస్తూ. "రేపే వెళ్దాం. నీ మొహం చూసి ఆర్నెల్లయింది. అద్దంలో చూసుకున్నా నేనే కనబడుతున్నాను. బెంగగా ఉందే నాకు."

సువర్చలకి మనసు కరిగింది. ఎడమ చేత్తో ఆయన చెంప నిమిరింది. ఇన్నేళ్లలో ఇంత మంచి మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. ఆ నోరు తనది కూడా అయ్యాకే వచ్చింది.

"వెళ్దాంలెండి," అంది. "ఆదివారం అసోసియేషన్ ఎన్నికలు కదా. అది కానివ్వండి. ఇప్పుడిప్పుడే నా మాట వింటున్నారు."

"నీ మాటా?"

"అదే, మన మాట."

పానకాలరావు రేజరు ఎడమ చేతికి అందించాడు. మిగిలిన సగం గడ్డం ఆవిడే గీసింది. ఒక్క గాటు కూడా పడలేదు.

ఆదివారం పానకాలరావు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. సెల్లార్లో కుర్చీలు వేసి, మెడలో బంతిపూల దండ వేసి, మైకు చేతికిచ్చారు. ఉపన్యాసం మొత్తం సువర్చలే ఇచ్చింది. ఆడవాళ్ల మాట కూడా కమిటీ వినాలని గట్టిగా చెప్పింది. మగవాళ్లంతా తలలూపి చప్పట్లు కొట్టారు.

"ఇంత సంతోష సమయంలో చెల్లెమ్మ కూడా ఉండుంటే బాగుండేది," అన్నాడు కార్యదర్శి. "రాలేదేమండీ?"

"తనకి ఇలాంటివి ఇష్టం ఉండవండీ," అంది నోరు.

ఆ మాట ఎవరన్నారో సువర్చలకి తెలియలేదు. ఆయనని అడుగుదామనుకుంది గానీ ఆయనా అదే ఆలోచిస్తున్నట్టు తోచింది. ఈలోగా ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వు చాలా బాగా వచ్చింది.